ఏలూరులో మేము పెట్టిన సముద్రం

నేను రిటైరైంది నీళ్ళ పరీక్షల ఉద్యోగం నుంచి. చేపల చెరువుల వాళ్ళు, రొయ్యల చెరువుల వాళ్ళు సీసాల్లో నీళ్ళు పట్టుకొస్తే, అందులో ఏం ఎక్కువైందో ఏం తక్కువైందో చూసి చెప్పడం నా పని. ఏలూరులో మేతలూ మందులూ అమ్మే ఒక పెద్ద షాపు వెనక గదిలో మా ల్యాబ్ ఉండేది. ఇప్పుడు ఈ ఉద్యోగాల్లోకి కొత్తగా వస్తున్న పిల్లలు నేను కనిపిస్తే చాలు, "మేడం, మీ సర్వీసులో మర్చిపోలేని కేసు ఏదండీ?" అని అడుగుతుంటారు. ఏదో పెద్ద తెగులు గురించో, చచ్చిపోతున్న చెరువుని నిలబెట్టిన సంగతో చెబుతానని ఎదురుచూస్తారు. అలాంటివీ ఉన్నాయి. కానీ ఇప్పుడు తలుచుకుంటే నవ్వొచ్చేది, అప్పట్లో అన్నం సహించనివ్వనిది మాత్రం ఒక్కటే. మేము ఏలూరులో సముద్రం పెట్టాం.

మా ఓనరు గారు కొల్లేటి పక్క ఊళ్ళో పుట్టి, చెరువుల్లో దిగి చేపలు పట్టి, మెల్లగా మేత డీలరు స్థాయికి ఎదిగిన మనిషి. మేత కంపెనీ వాళ్ళు ఒకసారి డీలర్లందరినీ విమానమెక్కించి బ్యాంకాక్ తీసుకెళ్ళారు. అక్కడ ఇంకేం చూశారో మాకు చెప్పలేదు గానీ, ఒక షాపింగ్ మాల్లో గోడంత అద్దాల తొట్టె, అందులో సముద్రపు నీళ్ళు, పగడాల దిబ్బ, దాని చుట్టూ రంగురంగుల చేపలు చూశారట. వచ్చిన రోజే మమ్మల్ని పిలిచి కూర్చోబెట్టారు. తాడేపల్లిగూడెం వెళ్ళే రోడ్డు మీద అప్పుడే కొత్త షోరూం కడుతున్నాం.

"మనం బతికేది చేపల మీద. మన షాపులో వెతికినా ఒక్క చేప ఉండదు. సిగ్గుగా లేదాండీ?" అన్నారు.

నిజం చెప్పాలంటే అప్పటిదాకా మాలో ఎవరికీ సిగ్గనిపించలేదు. ఆయన అన్నాక అందరం కాస్త సిగ్గుపడ్డాం.

హైదరాబాదులో ఇలాంటి తొట్టెలు కట్టే కంపెనీ ఒకటి కొటేషన్ పంపింది. ఓనరు గారు దాన్ని చదివి, మడిచి, దాంతోనే కాసేపు విసురుకున్నారు. "ఈ డబ్బుతో సముద్రం ఒడ్డున స్థలమే వస్తాదండీ. మనమే పెట్టేద్దాం. మీకు నీళ్ళు తెలుసు. ఆయనకి పైపులు తెలుసు. నాకు చేపలు తెలుసు. ఇంకేం కావాలి?"

'ఆయన' అంటే చెరువుల్లో నీళ్ళు చిలికే మా ఏరేటర్ల మెకానిక్కు. పెంటపాడు మనిషి. ఏ పని చెప్పినా, అది ఏమిటో పూర్తిగా వినకముందే "ఆయ్, అయిపోద్దండి" అనేవారు. ఆ రోజూ అదే అన్నారు. నేనొక్కదాన్నే అడ్డుపడ్డాను.

"ఏవండీ, చెరువు వేరు, పగడాల దిబ్బ వేరండీ. ఉప్పు కాస్త అటూ ఇటూ అయినా, వేడి కాస్త పెరిగినా తట్టుకోదు. చంటిపిల్లని సాకినట్టు సాకాలి."

"ముగ్గురిని సాకారు కదండీ మీరు," అన్నారాయన.

అసలు భయం నాకు వేరే ఉంది. ఊరూరి రైతులకీ నీళ్ళు ఇలా ఉండాలి, అలా ఉండకూడదు అని చెప్పేదాన్ని నేను. రేపు నా తొట్టెలోనే చేపలు తేలిపోతే, నా మాట విని ఇంకెవరు చెరువులో మందు చల్లుతారు?

ఊళ్ళో ఒక బట్టల షాపు వాళ్ళు ముందు భాగం మార్పిస్తున్నారని తెలిసి, బొమ్మలకి చీరలు కట్టి నిలబెట్టే మందపాటి అద్దాలు చవగ్గా పట్టుకొచ్చారు ఓనరు గారు. మెకానిక్కు గారు చుట్టూ ఇనప చట్రం బిగించారు. అంతా బాగానే ఉంది గానీ, ముందు అద్దం మీద 'ఆషాఢం తగ్గింపు' అని ఎప్పుడో అంటించిన అక్షరాల మరక మాత్రం పోలేదు. సబ్బు పెట్టాం, కిరసనాయిలు పెట్టాం, బ్లేడుతో గీకాం. ఆషాఢం పోయింది. తగ్గింపు ఉండిపోయింది. లోపల లైటు వేస్తే నీళ్ళ మధ్యలో నీడలాగ కనిపించేది.

"ఉండనివ్వండి. మేత మీద మనమూ ఇస్తాం కదా తగ్గింపు," అన్నారు ఓనరు గారు.

నీళ్ళు నరసాపురం వైపు తీరం నుంచి తెప్పించాం. రొయ్య పిల్లల హేచరీలకు సముద్రపు నీళ్ళు తోలే ట్యాంకరు అది. మంచి ఎండాకాలం. షోరూం ఉన్న వీధికి కుళాయి నీళ్ళు సరిగ్గా రావడం లేదు. డ్రైవరు ట్యాంకరు ఆపి టీకి వెళ్ళాడు. నేనూ మెకానిక్కు గారూ లోపల పైపు బిగించుకుని బయటికొచ్చి చూస్తే, ట్యాంకరు వెనక బిందెల వరస వీధి మలుపు దాకా ఉంది. ముందున్నావిడ అప్పటికే కుళాయి తిప్పి, దోసిట్లో పట్టి నోట్లో పోసుకుంది.

"అయ్ బాబోయ్! ఏం నీళ్ళండీ ఇవి!"

"సముద్రం నీళ్ళండీ," అన్నారు మెకానిక్కు గారు నెమ్మదిగా.

"చూశారా పిన్నిగారూ? మున్సిపాలిటీ వాళ్ళు ఆఖరికి సముద్రం నీళ్ళు పంపుతున్నారు మనకి!"

వీధంతా గొడవైపోయింది. ఇది మున్సిపాలిటీది కాదనీ, మా చేపలకోసమనీ నేను బిందె బిందెకీ వెళ్ళి చెప్పుకున్నాను. "చేపలకి ట్యాంకరు, మాకు లేదా?" అని కొత్త గొడవ మొదలైంది. ఆ హడావిడిలో ఒక పెద్దావిడ మాత్రం స్థిమితంగా నిలబడి, బిందెలోకి చూస్తూ, "ఏవమ్మా, మాగాయ ముక్కలు ఊరెయ్యడానికి పనికొస్తాయా ఇవి?" అని అడిగింది. పనికిరావండీ అన్నాను. "పోనీ మోకాళ్ళ నొప్పులకి కాపడం పెట్టుకుంటాలే," అని బిందె చంకనెత్తుకుని వెళ్ళిపోయింది. మా సముద్రం మొదటి వాటా ఆవిడ మోకాళ్ళకి పోయింది.

పగడాల దగ్గర నేను మొండికేశాను. పగడాలు తీసినా, అమ్మినా, కొన్నా నేరం. అడవిలో పులికి ఉన్న రక్షణే చట్టం వాటికీ ఇచ్చింది. ఓనరు గారు నీరుగారిపోయారు.

"పగడాల్లేని పగడాల దిబ్బేంటండీ? చేప లేని చేపల పులుసులాగ!"

"దిబ్బ మనమే కడదామండీ. దాని మీద సముద్రపు నాచు, అనుమతి ఉన్న మెత్తటి సముద్రపు పూలు పెంచుదాం," అన్నాను. సముద్రపు పూలంటే నిజం పూలు కావు, పూలలా విచ్చుకుని ఊగే జీవాలు.

దిబ్బ కట్టడానికి మేస్త్రీని నేనే కుదిర్చాను. అత్తిలి దగ్గర మా అమ్మగారి ఊరి చర్చిలో క్రిస్మస్‌కి పశువుల పాక కట్టేదీ, మరియమాతకి కొండ గుహ కట్టేదీ ఆయనే. సిమెంటులో ఆల్చిప్పల పొడి కలిపి ఆయన కట్టిన రాళ్ళు చూస్తే, నిజంగా సముద్రం అడుగు నుంచి తవ్వి తెచ్చారనుకోవాలి. కాకపోతే అన్నీ ఒకదాని మీద ఒకటి పేర్చాక చూస్తే నడిమధ్యన ఒక గూడు, గూటి ముందు మూడు మెట్లు ఉన్నాయి.

"ఏవండీ, చేపలకి మెట్లెందుకండీ?" అన్నాను.

"చెయ్యి అలవాటండమ్మా. గూడు లేకుండా గుహ కడితే బోసిగా ఉంటాదండి."

ఓనరు గారు గూటిలోకి తొంగి చూసి, "ఇందులో ఎవర్ని పెడతారండీ?" అన్నారు.

"ఎవరో ఒకరు వత్తారండి," అన్నారు మేస్త్రీ గారు, చేతులు కడుక్కుంటూ.

సిమెంటులో సున్నం దిగిపోయేదాకా రాళ్ళు నానబెట్టి, మళ్ళీ మళ్ళీ నీళ్ళు మార్చి, చివరికి సముద్రం నింపాం. ఇక్కడ పిల్లలు ఒక్క సంగతి గుర్తుంచుకోవాలి. కొత్త తొట్టెలో వెంటనే చేపలు వెయ్యకూడదు. చేపల మలినాన్ని విరిచే సూక్ష్మజీవులు రాళ్ళకి పట్టాలి. దానికి వారాలు పడుతుంది. ఈ మాట నేను ఓనరు గారికి రోజూ చెప్పేదాన్ని. ఆయన రోజూ వచ్చి, మామిడిపండుని అడిగినట్టు, "ఇంకా పండలేదాండీ?" అని అడిగేవారు.

ఈలోపు ప్రారంభం కాకుండానే మేత అమ్మకాలూ, నా ల్యాబూ కొత్త షోరూంకి మార్పించి, ఆయన ఊరంతా చెప్పేశారు. మేతకి వచ్చిన రైతులు తొట్టె ముందు నిలబడి, చేపలేవండీ అని అడిగితే, "ఉన్నాయండీ, కొత్త కదా, సిగ్గుపడుతున్నాయి," అనేవారు. పాపం వాళ్ళు నమ్మి గంటలకొద్దీ చూసేవారు. కొన్నాళ్ళకి, "అదిగో, కదిలింది! గూట్లో కదిలింది!" అనడం కూడా మొదలుపెట్టారు. ఖాళీ నీళ్ళు చూస్తే మనుషులకి ఏమైనా కనిపిస్తుంది కదా అని నేను లోలోపల నవ్వుకున్నాను.

తర్వాత చెన్నై నుంచి రైల్లో, ప్రాణవాయువు నింపిన కవర్లలో చేపలొచ్చాయి. నారింజ రంగు మీద తెల్ల చారలున్నవి, ముదురు నీలం రంగువి, పసుప్పచ్చది ఒకటి. చిన్న చిన్నవి, బొమ్మల్లాంటివి. మెల్లగా నీళ్ళు అలవాటు చేసి వదిలాను. ఓనరు గారు చప్పట్లు కొట్టారు. మెకానిక్కు గారు కళ్ళు తుడుచుకున్నారు. మర్నాటికి నీలం చేపలు కొన్ని కనబడలేదు.

రాళ్ళ వెనక ఉన్నాయేమో అనుకున్నాం. ఆ మర్నాటికి నారింజవీ తగ్గాయి. చచ్చిపోతే తేలాలి, తేలలేదు. మెకానిక్కు గారు పంపులన్నీ విప్పి చూశారు, పైపులు కోసి చూశారు. ఓనరు గారికి వాచ్‌మన్ పిల్లి మీద అనుమానమొచ్చి, దాన్ని వాళ్ళ ఊరు పంపించేశారు. నేను రోజుకి ఎన్నిసార్లు నీళ్ళు పరీక్ష చేశానో! ఉప్పు సరిగ్గా ఉంది. అమ్మోనియా లేదు. ప్రాణవాయువు పుష్కలం. అంత చక్కటి నీళ్ళు నా సర్వీసులో చూడలేదు. ఆ చక్కటి నీళ్ళలో, 'తగ్గింపు' అన్న అక్షరాల వెనక, చేపలు ఒక్కొక్కటే తగ్గిపోతున్నాయి.

మాట బయటికి పాకడానికి ఎంతసేపు? ఒక రైతు సీసాతో వచ్చి, తొట్టె వైపు చూసి, మర్యాదగా సీసా సంచిలో పెట్టేసుకున్నాడు.

"మీ నీళ్ళు కుదిరాక వత్తానండి మేడంగారూ."

ఆ మాటకి ఆ పూట నేను అన్నం తినలేదు.

షోరూం ప్రారంభం ఇంకో రోజు ఉందనగా, మధ్యాహ్నం కరెంటు పోయింది. జనరేటరు వేసేలోగా మెకానిక్కు గారు టార్చి పట్టుకుని తొట్టెలో పంపు చూడబోయి, అక్కడే ఆగిపోయారు.

"మేడంగారండీ, ఒక్కసారి ఇటు రండి. గూట్లోకి ఎవరో వచ్చారండీ."

వెళ్ళి చూశాను. మేస్త్రీ గారు కట్టిన గూట్లో, చీకట్లో, రెండు ఎర్రటి కళ్ళు మెరుస్తున్నాయి. టార్చి కాస్త వంచితే పెద్ద నోరు, ఎత్తైన వీపు, జానెడు ఒళ్ళు కనిపించాయి. పండుగప్ప! మా వైపు చెరువుల్లో పెంచుతారు దాన్ని. మంచినీళ్ళలోనూ బతుకుతుంది, ఉప్పునీళ్ళలోనూ బతుకుతుంది, నోట్లో పట్టే ప్రతి చేపనీ మింగుతుంది. చెన్నై నుంచి రైల్లో వచ్చినవాళ్ళంతా ఎక్కడికెళ్ళారో అప్పుడర్థమైంది.

పిల్లలూ, ఇది రాసిపెట్టుకోండి. ఆ నీళ్ళలో ఏముందో నేను అణువణువూ చెప్పగలిగాను, ఒక చేప ఉందని తప్ప.

ఓనరు గారిని పిలిచాం. తిడతారనుకున్నాను. ఆయన అద్దానికి ముక్కు ఆనించి చూస్తూ ఉండిపోయారు. ఇన్నాళ్ళలో ఆ తొట్టెని ఆయన అంత ప్రేమగా చూడటం అదే మొదటిసారి.

"ఎంత బాగుందండీ! చేపంటే ఇదండీ!"

తర్వాత గుర్తొచ్చింది ఆయనకి. రేపు కంపెనీ జోనల్ మేనేజర్ వస్తున్నాడు. జిల్లా మొత్తానికి డీలర్షిప్పు ఇవ్వాలా వద్దా అన్నది ఈ షోరూం చూసి తేలుస్తాడు. పగడాల దిబ్బ, రంగు చేపలు అని ఈయన ఫోనులో ఊరించి ఉన్నారు. కొత్త చేపలు తెచ్చే వ్యవధి లేదు. తెచ్చినా దానికి భోజనమే. వలేస్తే వలే రాళ్ళకి చిక్కుకుంది. ఓనరు గారు లుంగీ ఎగ్గట్టి, స్టూలెక్కి, రొయ్యని గుచ్చి గేలం వేశారు. రొయ్య పోయింది, గేలం మిగిలింది. మళ్ళీ వేశారు. మళ్ళీ రొయ్యే పోయింది. చీకటిపడేదాకా దానికి రొయ్యలు వడ్డించి, ఇక తన వల్ల కాదని దిగిపోయారు.

ప్రారంభం రోజు షోరూం నిండా రైతులు. జోనల్ మేనేజర్ చెన్నై నుంచి సూటూ టై వేసుకుని వచ్చాడు. రిబ్బను కట్ చేశాడు. కొబ్బరికాయ కొట్టారు, మా చర్చి ఫాదరు గారు ప్రార్థన చేశారు. ఓనరు గారు నా చెవిలో, "తొట్టె దగ్గర ఆగకుండా తీసుకెళ్ళిపోదామండీ," అన్నారు. కానీ ఫోటోగ్రాఫర్ ఊరుకోలేదు. తొట్టెలో కంపెనీ మేత వేస్తున్నట్టు ఫోటో కావాలన్నాడు. మేనేజర్ స్టూలెక్కాడు.

"చేపలు ఎక్కడ?" అన్నాడు, వచ్చీరాని తెలుగులో.

"సిగ్గండీ," అన్నారు ఓనరు గారు. ఆయన గొంతు నాకే సరిగ్గా వినపడలేదు.

మేనేజర్ గుప్పెడు మేత తీసుకుని, ఫోటో కోసం నవ్వుతూ, చెయ్యి నీళ్ళ దగ్గరికి దించాడు. అంతే. గూట్లోంచి ఏదో వెండి మెరుపు లేచింది. 'టప్' మని పెద్ద చప్పుడు. నీళ్ళు ఎగిరి సూటంతా తడిసింది. మేనేజర్ "అమ్మా!" అని కేకేసి స్టూలు మీద నుంచి ఓనరు గారి చేతుల్లో పడ్డాడు. వేళ్ళు ఐదూ ఉన్నాయి. మేతే లేదు.

అయిపోయింది, డీలర్షిప్పూ పోయింది, నా ల్యాబూ పోయింది అనుకున్నాను. అప్పుడు వెనక నుంచి ఎవరో అరిచారు.

"ఒరేయ్, పండుగప్ప మేత తిందిరోయ్!"

దాని సంగతి చెప్పాలి. మా వైపు రైతులు పండుగప్పకి చిన్న చేపలు తెచ్చి వేస్తారు. బస్తాలో వచ్చే మేత అది ముట్టదని వాళ్ళకి గట్టి నమ్మకం. ఎంత చెప్పినా, ఎన్ని కరపత్రాలు పంచినా మారలేదు. ఇప్పుడు కళ్ళముందు తింది. అందరూ అద్దం మీద పడ్డారు. "ఇంకోసారి వెయ్యండి! ఇంకోసారి!" మెకానిక్కు గారు వేశారు. మళ్ళీ టప్. చప్పట్లు. మేనేజర్ తడి టై పిండుకుంటూ పరిస్థితి గ్రహించి, మళ్ళీ స్టూలెక్కాడు.

నాకు మనసొప్పలేదు. గట్టిగానే చెప్పాను. "ఏవండీ, దానికి తినడానికి చేపలు అయిపోయాయండీ. అందుకని మేత తింటోంది. ఆకలండీ అది!"

ఒక పెద్దాయన వెనక్కి తిరిగి, "మేం మాత్రం ఆకలేత్తేనే కదండీ తినేది," అన్నాడు. అందరూ నవ్వారు. నా సైన్సు అక్కడితో ముగిసింది.

ఆ గుంపులోంచి ఒక రైతు తోసుకుంటూ నా దగ్గరికొచ్చాడు. కొల్లేటి గట్టున ఊరు. అంతకుముందు ఏడాది అతని చెరువులో చేపలు తేలబోతుంటే నీళ్ళు చూసి చెప్పి, నిలబెట్టాను. మొహం వెలిగిపోతోంది.

"నచ్చిందాండీ మేడంగారూ? నేనే ఏశానండి."

"మీరా?"

"మీ తొట్టెలో చేపల్లేక మీరు బెంగగా ఉన్నారనిపించిందండి. మీరు చెరువులకెళ్ళిన పూట, మా చెరువులోది మంచిది ఏరి తెచ్చి ఏసేసి వెళ్ళిపోయానండి."

"ఒక్క మాట చెప్పొచ్చు కదండీ!"

"చెప్పి ఇత్తే అది కానుకెలా అవుద్దండీ?"

ఏమంటాను? "చాలా బాగుందండీ," అన్నాను.

జిల్లా డీలర్షిప్పు వచ్చింది. అప్పుడు సీసా సంచిలో పెట్టేసుకున్న రైతు మళ్ళీ సీసా పట్టుకుని వచ్చాడు. నీళ్ళు కుదిరినట్టున్నాయి అన్నాడు. పండుగప్ప మాత్రం తింటూ తింటూ తొట్టెకి పట్టనంత పెరిగింది. చివరికి నేను ఉప్పు మెల్లమెల్లగా తగ్గించి, డ్రమ్ములో పెట్టి, ఇచ్చినాయనకే పంపించేశాను. తర్వాత రంగు చేపలు తెచ్చాం. సముద్రపు పూలు విచ్చుకున్నాయి, దిబ్బ నిండా నాచు పట్టింది. బ్యాంకాక్ ఎందుకూ పనికిరాదు, అంత బాగుంది. ఒక్కరూ ఆగి చూసేవారు కాదు. వచ్చిన ప్రతి రైతూ గూట్లోకి తొంగి చూసి, "పెద్దాయన ఏడండీ?" అనడిగి, లేడంటే మేత కొనుక్కుని వెళ్ళిపోయేవాడు.

కొన్నాళ్ళకి ఆ కొల్లేటి రైతు మా ముగ్గురినీ భోజనానికి పిలిచాడు. విస్తళ్ళు వేశారు. ఆయన భార్య పులుసు గిన్నె తెచ్చి వడ్డించింది. పండుగప్ప పులుసు. పెద్ద పెద్ద ముక్కలు. ఓనరు గారు ముక్క విరవబోయి ఆగారు. నేను అన్నం కెలుకుతూ కూర్చున్నాను. మెకానిక్కు గారు ఇక ఉండబట్టలేకపోయారు.

"ఏమీ అనుకోకండి. ఇది... మనవాడు కాదు కదండీ?"

రైతు చేతిలో గ్లాసు కింద పెట్టేశాడు. "అయ్యో, ఎంత మాటన్నారండీ! ఇది కైకలూరు బజార్లో కొన్నదండి."

"చెరువు నిండా పండుగప్పలుంటే బజార్లో కొనడమేంటండీ?" అన్నారు ఓనరు గారు.

ఆయన కాస్త సిగ్గుపడ్డాడు. భార్యే చెప్పింది. "చెరువులో వదిలాక ఏది మీదో ఏది మాదో తెలియట్లేదండి. ఒకటి కోద్దామంటే, అదేనేమో అంటారండి ఈయన. అప్పట్నించీ ఇంట్లోకి కొనుక్కునే తింటన్నామండి."

మెకానిక్కు గారు మాత్రం వదల్లేదు. "మరి చెరువంతా వలేసి పట్టుబడి చేసి లారీకెత్తే రోజునండీ?"

రైతు మా విస్తళ్ళలో ఇంకో ముక్క వేయించి, నెమ్మదిగా అన్నాడు.

"ఆ రోజు నేను ఊళ్ళో ఉండనండి. కామవరపుకోటలో మా అక్కగారింటికి వెళ్ళిపోతానండి."